షరతులోనే తప్పుంది

ఆ వేసవి మొదట్లో మా వదిన నా వంటగదికి తాళం వేసింది.

వదిన అంటే మా ఆయన అక్క. పక్క వీధిలో ఉంటుంది. తల్లి చిన్నప్పుడే పోతే మా ఆయన్ని చంకనేసుకుని పెంచిన మనిషి. ఆవిడ మాటకి మా ఇంట్లో ఎదురు లేదు. ఆవిడ ప్రేమకీ ఎదురు లేదు, అసలు చిక్కంతా అక్కడే. చలికాలం చివర్లో నా చూపు దాదాపు పూర్తిగా పోయింది. నీటికాసులు, అదే గ్లకోమా అన్నారు. ఆ జబ్బు కొన్నేళ్ళుగా అంచుల నుంచి లోపలికి తినుకుంటూ వచ్చి, కిటికీ ఎటుందో తెలిసేంత వెలుతురు మాత్రం మిగిల్చి ఊరుకుంది. అప్పటిదాకా నేను రెడీమేడ్ బట్టల కార్ఖానాలో కటింగ్ మాస్టర్ని. కత్తెర పట్టిన చేతిని ఇంట్లో కూర్చోబెట్టారు సరే, గరిటె అయినా మిగిలింది కదా అనుకున్నాను. పెనం దించబోయి బొటనవేలు కాల్చుకున్న మధ్యాహ్నం అదీ పోయింది.

"ఇంక చాలు. వంట నేనొచ్చి చేస్తాను. ఇల్లు తగలబెట్టుకుంటావా?" అంది వదిన. తాళం పడిన చప్పుడు, తాళంచెవి నడుముకి దోపుకున్న చప్పుడు రెండూ విన్నాను.

"వేలే కదా కాలింది. చూపున్నప్పుడు కాలలేదా?"

"అప్పుడు కాలితే నీకు కనపడేది."

"కనపడితే మంట తగ్గుతుందా వదినా?"

సాయంత్రం మా ఆయన పని నుంచి రాగానే అందరినీ ముందుగదిలో కూర్చోబెట్టి వదిన అసలు మాట బయటపెట్టింది. మా అమ్మాయి ఈ ఏడు కాలేజీకి వెళ్ళదు. తల్లిని చూసుకుంటూ ఇంట్లో ఉంటుంది. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు చూద్దాం.

మా అమ్మాయిని ఇంటిల్లిపాదీ పిట్ట అంటాం. బక్కపలచగా, ఒక్కచోట నిలవకుండా ఉంటుందని చిన్నప్పుడు పడిన పేరు. కుంటుతున్న కుక్క, రెక్క విరిగిన పావురం, వీధిలో ఏది కనపడినా ఇంటికి మోసుకొచ్చేది. దానికి వేరే ఊళ్ళో పశువైద్య కాలేజీలో సీటు వచ్చింది. హాస్టల్లో ఉండి చదువుకోవాలి. వానలు మొదలవగానే చేరాలి.

"నేనుంటాలే అమ్మా. ఏడాదే కదా," అంది పిట్ట. ఆ గొంతు మామూలుగానే ఉంది. కాసేపటికి స్నానాలగదిలో కొళాయి తిప్పింది. బకెట్ నిండి నీళ్ళు పొర్లిపోతున్నా కట్టలేదు. నీళ్ళ చప్పుడు కింద ఏం దాస్తోందో నా చెవులకి తెలియకపోతే కదా!

"నా కళ్ళు పోతే దాని కాళ్ళు కట్టేస్తారా?" అన్నాను.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. ఆయన ఫ్రిజ్‌లు బాగుచేస్తారు. మాట్లాడాల్సిన చోటల్లా గొంతు సవరించుకుని అక్కడితో ఆగిపోవడం ఆయన అలవాటు.

"కట్టేయడమేంటి? నువ్వు ఒక్కదానివి ఉండలేవు కాబట్టి ఉంటుంది," అంది వదిన.

"ఉండగలనని తేలితే?"

"ఎలా తేలుతుంది?"

లైబ్రరీ మేడ మీద వేసవి కంప్యూటర్ క్లాసులు పెడుతున్నారని పిట్ట అంతకుముందు ఎప్పుడో చదివి వినిపించింది. ప్రోగ్రాములు రాయడం మొదటి నుంచి నేర్పుతారు, వయసు నిబంధన లేదు, చివర్లో పరీక్ష ఉంటుంది. నోటికి అదే వచ్చేసింది.

"ఆ క్లాసుకి నేను వెళ్తాను. నా అంతట నేను వెళ్ళి, నేర్చుకుని, పరీక్ష పాసవుతాను. పాసైతే పిట్ట వెళ్తుంది."

వదిన నవ్వింది. వెటకారం కాదు, జాలి. వెటకారమైతే ఇంకా నయంగా ఉండేది.

"సరే. అలాగే కానీ," అంది.

*

మొదటిరోజు పిట్ట తీసుకెళ్ళింది. తర్వాత వారమంతా వెనక నడిచింది, నోరెత్తకూడదన్న ఒప్పందం మీద. మిర్చి దంచే మిల్లు దగ్గర తుమ్ము వస్తే కుడివైపు తిరగాలి. ఇనుప సామాన్ల కొట్టు దాటాక మెట్లు. మెట్ల కమ్మీ మూడో మలుపులో వదులుగా ఉంటుంది. నాకు దారి ఇలాగే వచ్చింది. ఇంట్లో అయితే కుర్చీ, బల్ల పెట్టినచోట ఉంటే చాలు, అదే దారి.

మొదటిరోజు క్లాసులో ఆఫీసు చూసుకునే ఆయన నన్ను కాకుండా పిట్టని అడిగాడు: "ఆవిడకి ఏం కావాలి?"

"ఆవిడకి క్లాసు కావాలి," అన్నాను నేను.

"అంటే అమ్మా, ఇదంతా స్క్రీన్ మీద పని..."

"తెలుసండి. స్క్రీన్ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంటుందిట కదా. మా అమ్మాయి పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చింది. నాకో ఇయర్‌ఫోన్, ఒక ప్లగ్ ఉంటే చాలు."

ఆయన ఇంకేదో అనేలోపు లోపలి నుంచి ఒక అమ్మాయి గొంతు వినపడింది. "కూర్చోనివ్వండి సార్. గోడ పక్క మెషిన్ ఖాళీగానే ఉంది."

పాఠం చెప్పే మేడం ఆవిడే. చిన్నవయసు, గబగబా మాట్లాడుతుంది, ఒకసారి చెప్పింది రెండోసారి చెప్పాలంటే విసుగు. లైను చివర సెమికోలన్ మర్చిపోయినవాళ్ళ మీద ఒంటికాలి మీద లేస్తుంది కాబట్టి అందరూ వెనకాల సెమికోలన్ మేడం అనేవాళ్ళు. నా మీద జాలిపడలేదు. అందరి మీదా ఎంత విసుక్కుందో నా మీదా అంతే విసుక్కుంది. అలా నన్ను విసుక్కున్న మనిషి ఎదురై ఎన్నాళ్ళయిందో!

నా పక్కన బేకరీ ఆయన కూర్చునేవాడు. దగ్గరికొస్తేనే రొట్టె వాసన. కొడుకులిద్దరూ కంప్యూటర్ మాటలు మాట్లాడుకుంటూ తనని చూసి నవ్వుతున్నారని పంతం పట్టి చేరాడు.

"మీరెందుకొచ్చారమ్మా?" అని అడిగాడు.

"నేనూ పంతానికే."

"అయితే మన బెంచీ గట్టిది," అన్నాడు.

మొదటి రోజులు ఏమీ తలకెక్కలేదు. చెవిలో యంత్రం గొంతు ఆగకుండా వాగుతుంది. నేను కొట్టింది, పక్కనున్నది, నాకు అక్కర్లేనిది అన్నీ కలిపి. ఆ గొంతుతోపాటు మేడం గొంతు. కార్ఖానాలో అన్ని కుట్టుమిషన్లూ ఒక్కసారి నడుస్తున్నా నా కత్తెర చప్పుడు నాకు తెలిసేది. ఇక్కడా అదే చెయ్యాలని మెల్లగా అర్థమైంది.

తర్వాత షరతుల పాఠం వచ్చింది. ఇఫ్ అంటే 'అయితే', ఎల్స్ అంటే 'కాకపోతే'. ఫలానాది నిజమైతే ఈ పని చెయ్యి, కాకపోతే ఆ పని చెయ్యి. మేడం చిన్న ఆట రాయమంది. ఎదుటివాళ్ళని ఒక అంకె అడిగి, దానికి గెస్ అని పేరు పెట్టుకోవాలి. ఏడు అని చెబితే 'సరిగ్గా చెప్పారు' అనాలి, ఇంకేది చెప్పినా 'తప్పు' అనాలి.

రాశాను. నడిపించాను. ఏడు కొట్టాను. సరిగ్గా చెప్పారు అంది. ప్రాణం లేచొచ్చింది. మూడు కొట్టాను. సరిగ్గా చెప్పారు. ముప్పై కొట్టాను. సరిగ్గా చెప్పారు.

ఇంటికొచ్చాక పిట్ట తన ల్యాప్‌టాప్‌లో నడిపించి చూసి పడీ పడీ నవ్వింది. "అమ్మా, నీ కంప్యూటర్ అందరినీ పాస్ చేసేస్తోంది! ఇలాంటి మాస్టారు మా స్కూల్లో ఉంటే ఎంత బాగుండేది."

"తప్పెక్కడో చెప్పు."

"చెప్పనా?"

"వద్దు. చెప్పకు."

మర్నాడు క్లాసులో ఆ ఒక్క లైనూ ఎన్నిసార్లు విన్నానో. ఇఫ్, గెస్, సెవెన్. ఇఫ్, గెస్, సెవెన్. మాటలన్నీ ఉన్నాయి, వరసలోనే ఉన్నాయి. బేకరీ ఆయన ఆటా నా ఆటలాగే అందరినీ మెచ్చుకుంటోంది. "నాకైతే అంతా సరిగ్గానే కనపడుతోందమ్మా," అన్నాడు కళ్ళు నులుముకుంటూ.

"నాకూ అంతా సరిగ్గానే వినపడుతోంది."

అప్పుడు తట్టింది. నాకు వినపడేదంతా మాటలే. మరి ఆ మాటల మధ్య నేను కొట్టిన గుర్తులు ఏమయ్యాయి? మేడంని పిలిచి అడిగాను.

"మీ సాఫ్ట్‌వేర్‌లో చిహ్నాలు చదవడం తగ్గించి పెట్టినట్టున్నారు. కథలు, వార్తలు వినేవాళ్ళకి కామాలూ చుక్కలూ అడ్డం కదా," అంది. ఏదో నొక్కి మార్చింది. "ఇప్పుడు బాణం కీతో ఒక్కొక్క అక్షరం మీద నడవండి."

నడిచాను. ఇఫ్. బ్రాకెట్. గెస్. ఈక్వల్స్. సెవెన్. బ్రాకెట్.

"ఈక్వల్స్ ఒక్కటే ఉంది!" గట్టిగా అరిచాను.

"మరి?" అంది మేడం. "నిన్న చెప్పాను కదండీ. ఒక ఈక్వల్స్ పెడితే అది అడగడం కాదు, పెట్టడం. 'ఏడు అయి కూర్చో' అని హుకుం జారీ చేస్తున్నారు. వాళ్ళు ఏం చెప్పినా దాన్ని చెరిపేసి ఏడు పెట్టేస్తోంది. ఆ తర్వాత 'సరిగ్గా చెప్పారు' అనక ఏమంటుంది? రెండు పెడితేనే ప్రశ్న. 'నువ్వు ఏడేనా?' అని."

రెండోది పెట్టాను. మూడు కొట్టాను. తప్పు అంది. ఆ రోజు తప్పు అన్న మాట నా చెవికి ఎంత తియ్యగా ఉందో చెప్పలేను.

"మీ దాంట్లో ఈక్వల్స్ ఎన్నున్నాయో లెక్కపెట్టండి," అన్నాను బేకరీ ఆయనతో.

"ఓరి నీ... కళ్ళముందే ఉంది!" అన్నాడు.

"చూపున్నవాళ్ళకీ ఇది కనపడదండి. నేను నేర్చుకునేటప్పుడు ఒక రోజంతా పోయింది నాకు," అంది మేడం. విసుక్కోకుండా ఆవిడ చెప్పిన మొదటి మాట అదే.

ఆ సాయంత్రం మా ఆయనకి ఈ సంగతంతా చెప్పాను. ఫ్రిజ్‌ల గురించి తప్ప దేని గురించీ ఎక్కువ వినని మనిషి చివరిదాకా విన్నారు.

"అంటే ఒకటి పెడితే చెప్పడం, రెండు పెడితే అడగడం," అన్నారు.

"అవును. ఈ ఇంట్లో అందరూ ఒకటే పెడుతున్నారు. 'నువ్వు చేసుకోగలవా?' అని అడిగినవాళ్ళు లేరు. చేసుకోలేనిదాన్నయి కూర్చోమన్నారు, కూర్చున్నాను."

ఆయన గొంతు సవరించుకున్నారు. కానీ లేచి వెళ్ళిపోలేదు.

*

మరుసటి ఆదివారం వదిన పెళ్ళిచూపులేవో ఉన్నాయని బంధువులింటికి వెళ్ళింది. మా ఆయన పనిముట్ల పెట్టె మంచం కింద ఉంటుంది. వేళ్ళతో వెతికి స్క్రూడ్రైవర్ తీసుకున్నాను.

తాళాన్ని నేను ముట్టుకోలేదు. అది దాని మానాన వేలాడుతోంది. తలుపుకి గొళ్ళెం బిగించిన మరలు మాత్రం ఒక్కొక్కటే విప్పాను. ఒకటి తుప్పుపట్టి మొండికేసింది. నాకన్నా మొండి కాదు అది. గొళ్ళెం, తాళం, మరలు అన్నీ కలిపి ఒక పళ్ళెంలో పెట్టి బల్లమీద ఉంచాను. స్టవ్ గుబ్బ నా చేతికి దొరికినప్పుడు పాత స్నేహితురాలి మోచెయ్యి పట్టుకున్నట్టుంది.

ఉల్లిపాయలు తరిగాను. కత్తి ఆనించిన వేళ్ళు ముడుచుకుని ఉంటే తెగవు. బట్టల దొంతర కోసేటప్పుడు చూపున్నా చేతితోనే కొలుచుకున్నదాన్ని, ఉల్లిపాయ ఎంత! నూనె కాగిందో లేదో చప్పుడు చెబుతుంది. మాడబోతోందంటే ముక్కు ముందే చెబుతుంది. పిట్ట గుమ్మంలో నిలబడి ఉందని ఊపిరిని బట్టి తెలుస్తోంది.

"సాయం చెయ్యనా?"

"వద్దు. తినిపెట్టు చాలు."

వదిన వచ్చేసరికి ముగ్గురం భోంచేస్తున్నాం. పళ్ళెంలోని తాళాన్ని ఎత్తింది, దించింది. లోహం చప్పుడు.

"ఎవరు చేశారిది?" మా ఆయనమీదే అరిచింది.

"నేనే వదినా. నీ తాళం చెడలేదు, చూసుకో. కూర ఉంది, పెట్టుకో."

"రేపు ఏదైనా జరిగితే?"

"జరిగితే వేలు కాలుతుంది. మందు రాసుకుంటాను."

"నీకు పొగరెక్కింది," అంది వదిన.

"ఎక్కింది వదినా."

ఆవిడ ఆ పూట తినలేదు. ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. వెళ్తూ వెళ్తూ చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. కోపంతో వెళ్ళేవాళ్ళకి అంతసేపు పట్టదు.

*

పరీక్షరోజు ఆఫీసాయన నన్ను గుమ్మంలోనే ఆపాడు.

"అమ్మా, పరీక్ష వేరే మెషిన్లమీద. పై నుంచి రూలు. బయటి పెన్‌డ్రైవ్ పెట్టకూడదు. అమ్మాయి లోపలికి రాకూడదు. మీకు వచ్చే బ్యాచ్‌లో ఏదో ఒక ఏర్పాటు చేద్దాం."

"అమ్మాయి రానక్కర్లేదు. పిట్టా, నువ్వు కిందికి వెళ్ళు."

"అమ్మా..."

"వెళ్ళు."

దాని అడుగులు మెట్లమీద ఆగి ఆగి దిగాయి. నేను లోపలికి నడిచి నా బల్ల అంచు పట్టుకున్నాను.

"ఆ సాఫ్ట్‌వేర్ లేకుండా మీరు రాయలేరు కదమ్మా, అర్థం చేసుకోండి," అన్నాడు.

"ఇక్కడ అందరి కళ్ళకీ గంతలు కట్టండి. అప్పుడు నేనూ అది లేకుండా రాస్తాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆఫీసాయనకి కోపం వచ్చింది. "రూలు నేను పెట్టింది కాదు!"

"అయితే పెట్టినవాళ్ళని పిలవండి. వాళ్ళొచ్చేదాకా నేనిక్కడే ఉంటాను. మీరు పరీక్ష మొదలుపెట్టుకోండి."

"ఆవిడ రాయకపోతే నేనూ రాయను," అన్నాడు బేకరీ ఆయన. తర్వాత కాస్త తగ్గి, "అంటే... రాస్తాను గానీ, బాధపడుతూ రాస్తాను," అన్నాడు.

మేడం గబగబా వచ్చింది. ఆవిడ చెప్పుల చప్పుడు కూడా విసుగ్గానే ఉంటుంది. "సార్, రూల్లో ఏముంది? బయటి పెన్‌డ్రైవ్ కూడదని. నా ల్యాప్‌టాప్ బయటిది కాదు. పాఠం చెప్పడానికి మీరే ఇచ్చారు. నెల కిందటే దాంట్లో ఆ సాఫ్ట్‌వేర్ వేసి పెట్టాను, ఆవిడకి ఎలా వినపడుతోందో తెలుసుకుందామని. ఆవిడని నా బల్ల దగ్గర కూర్చోబెడతాను. పేచీ వస్తే నా పేరు చెప్పండి."

ఆఫీసాయన సణిగాడు కానీ అడ్డుపడలేదు.

ప్రశ్న మేడమే చదివింది. ఆసుపత్రిలో ఇద్దరు రోగులు వచ్చారు. ఇద్దరి జ్వరం ఎంతో అడగాలి. ఎవరికి ఎక్కువుంటే వాళ్ళని డాక్టర్ దగ్గరికి ముందు పంపాలి. సమానంగా ఉంటే ఇద్దరినీ కలిపి పంపాలి.

సమానం దగ్గర రెండు ఈక్వల్స్ పెట్టి, బాణం కీతో నడిచి విని, మళ్ళీ విన్నాను. నడిపించాను. నూటొకటి, నూటరెండు. రెండో రోగిని ముందు పంపండి అంది. నూరు, నూరు. ఇద్దరినీ పంపండి అంది. ఇంక లేవబోతున్నదాన్ని, ఎందుకో ఇంకోటి చూద్దామని తొంభై తొమ్మిది, నూటమూడు కొట్టాను.

మొదటి రోగిని ముందు పంపండి.

తొంభై తొమ్మిదివాడు నిక్షేపంగా నడిచి వెళ్తుంటే నూటమూడువాడు మూలుగుతూ బెంచీమీద ఉన్నాడు. గ్రేటర్ గుర్తు తిరగబడిందేమోనని విన్నాను. లేదు. పేర్లు తారుమారయ్యాయేమో చూశాను. కాలేదు. చుట్టూ అందరి వేళ్ళూ టకటకలాడుతున్నాయి. ఎవరో అప్పుడే అయిపోయిందని లేచారు. ఒక్క క్షణం వదిన జాలినవ్వు చెవిలో వినపడింది.

లెంపలు వేసుకున్నంత పని చేసి, మళ్ళీ మొదలుపెట్టాను. ఊహించి కాదు, ఒక్కొక్కటే మార్చి. నూటనాలుగు, తొంభై ఎనిమిది: తప్పు. తొంభై తొమ్మిది, తొంభై ఎనిమిది: ఒప్పు. నూటనాలుగు, నూటమూడు: ఒప్పు. వందకి ఇటున్నవాళ్ళని ఇటున్నవాళ్ళతో పోలిస్తే బాగానే ఉంది, అటున్నవాళ్ళతో పోలిస్తేనే పిచ్చిగా మాట్లాడుతోంది.

మొదట తప్పిన లెక్కలో రెండో అంకెని బాణం కీతో నెమ్మదిగా విన్నాను. వన్. జీరో. త్రీ. మొదటిదాన్ని విన్నాను. నైన్. నైన్. అప్పుడు మేడం ఎప్పుడో గబగబా అనేసి దాటిపోయిన మాట గుర్తొచ్చింది: కీబోర్డు నుంచి వచ్చేదంతా అక్షరాలే, అంకెగా మార్చేదాకా అది అంకె కాదు.

అయితే ఇది జ్వరాలని పోల్చడం లేదు. పేర్లని పోలుస్తోంది. హాజరుపట్టీలో పేర్లు వరసపెట్టినట్టు మొదటి అక్షరంతో మొదటి అక్షరం. తొమ్మిది ఒకటి కన్నా పెద్దది, అక్కడితో తీర్పు అయిపోయింది. వెనక ఇంకెంత ఉందో చూడలేదు. మనిషిని గుమ్మంలో చూడగానే తీర్పు చెప్పేసే బాపతు. అలాంటివాళ్ళు నాకు కొత్తా?

అడిగి తెచ్చుకున్న రెండు విలువలకీ ముందు నంబర్ అన్న మాట తగిలించి, బ్రాకెట్లు మూసి, నడిపించాను. తొంభై తొమ్మిది, నూటమూడు.

రెండో రోగిని ముందు పంపండి.

కిందికి వచ్చేసరికి పిట్ట చివరి మెట్టుమీద కూర్చుని ఉంది. లేచి నా చెయ్యి పట్టుకుంది.

*

ఫలితాలు రావడానికి టైం పడుతుందన్నారు. ఈలోగా వానలు దిగాయి. పిట్ట కాలేజీలో చేరాల్సిన రోజు దగ్గరపడింది.

వదిన ఆ సాయంత్రం తడిసి వచ్చింది. తలుపు దగ్గరే గొడుగు విదిలించి, "రేపు బస్సుకి వెళ్ళాలంటున్నారట! ఫలితం రాలేదు కదా. పాసైతే వెళ్తుందన్నది మీ ఆవిడే. మాట అంటే మాటే," అంది మా ఆయనతో.

న్యాయంగానే ఉంది. నా నోటితో నేనన్న మాటే. మా ఆయన గొంతు సవరించుకోబోతున్నారు.

"అన్నాను వదినా. తప్పుగా అన్నాను," అన్నాను.

"ఏంటి తప్పు?"

"నేను పాసవడానికీ పిట్ట వెళ్ళడానికీ సంబంధం ఏంటి? ఆ రోజు నాకు తోచలేదు. షరతులోనే తప్పుంది. లోపల ఎన్ని సరిచేసినా షరతు తప్పైతే జవాబు తప్పే వస్తుంది. నేను ఫెయిలైతే మళ్ళీ రాసుకుంటాను. అది నా గొడవ. పిట్టకి సీటొచ్చింది, కాబట్టి వెళ్తుంది. అంతే."

"మరి నిన్ను..."

"నన్ను చూసుకోవడానికి ఎవరు అని కాదు వదినా, నన్నడుగు. చేసుకోగలవా అని అడుగు. ఇన్నాళ్ళలో ఒక్కసారి అడుగు."

వదిన అడగలేదు.

మా ఆయన లేచారు. స్టూలు లాక్కున్న చప్పుడు. అటకమీద ఏవో డబ్బాలు జరిగాయి, దుమ్ముకి ఆయన రెండుసార్లు తుమ్మారు. ఏదో బరువైనది దించి నేలమీద పెట్టి, గుడ్డతో తుడవడం మొదలుపెట్టారు.

"జిప్పు పట్టేసింది. కొవ్వొత్తి రుద్దితే వస్తుంది. పిట్టా, కొవ్వొత్తి ఎక్కడుందో చూడు," అన్నారు.

సూట్‌కేసు. ఆ వేసవి మొత్తంలో ఆ విషయం మీద మా ఆయన మాట్లాడింది అంతే.

*

పిట్ట బస్సెక్కిన మర్నాడు, పొద్దున్నే తలుపు చప్పుడైంది. మా ఆయన అప్పటికే పనికి వెళ్ళిపోయారు. వదిన. చేతిలో పెద్ద సంచీ ఉన్నట్టుంది, గుమ్మానికి రాసుకుంది.

"దుప్పటి, రెండు చీరలు తెచ్చుకున్నాను. పిల్ల సెలవులకి వచ్చేదాకా ఇక్కడే ఉంటాను," అంది.

"లోపలికి రా. టీ పెడుతున్నాను."

నీళ్ళు మరుగుతుండగా ఫోన్ మోగింది. సెమికోలన్ మేడం. ఎప్పటిలాగే గబగబా: "పాసయ్యారండి. పూర్తి మార్కులు రాలేదు. జ్వరం గడి ఖాళీగా వదిలేస్తే ఏమవుతుందో మీరు చూసుకోలేదు. మీ ప్రోగ్రాం ఆ రోగికి జ్వరం సున్నా అనుకుంటోంది. సున్నా జ్వరం ఉన్న మనిషి బతికుంటాడా? సోమవారం రండి, సరిచేద్దాం. ఇంకో మాట, వచ్చే బ్యాచ్‌లో ఇద్దరికి చూపు లేదట. మొదటివారం నా పక్కన మీరు ఉండాలి." నా జవాబు కోసం ఆగకుండా పెట్టేసింది.

"ఎవరు? ఏమంటోంది?" అంది వదిన.

"పాసయ్యానంటోంది. ఒక తప్పు మిగిలిందిట. సోమవారం వెళ్ళి దిద్దుకోవాలి."

కప్పుల్లోకి టీ వడగట్టాను. వేలు అంచుమీద పెట్టుకుని, వేడి వేలికి తగలబోయే చోట ఆపాను. ఒక్క చుక్క కింద పడలేదు. ఆవిడ చూస్తోందని తెలుసు. చూడనీ అనుకున్నాను.

"అయితే నేనెందుకింక ఇక్కడ?" అంది వదిన. ఆ గొంతులో కోపం లేదు. మొదటిసారి ఆవిడ నన్ను ఏదో నిజంగా అడుగుతున్నట్టనిపించింది. తమ్ముణ్ణి పెంచింది, ఆ తమ్ముడి కూతుర్ని ఎత్తుకుంది. ఇప్పుడు చేతిలో సంచీతో, తను చూసుకోవడానికి ఎవరూ మిగలకుండా, నా వంటగది గుమ్మంలో నిలబడింది.

"నాకు తోడుగా టీ తాగడానికి," అని కప్పు ఆవిడ గొంతు వచ్చినవైపు చాపాను. అందుకుంది.

కాసేపు ఊదుకుంటూ నిలబడింది.

"ఎక్కడ కూర్చోమంటావు?" అంది చివరికి.

"నీ ఇష్టం వదినా. ఎక్కడైనా కూర్చో," అన్నాను. "కుర్చీ మాత్రం జరపకు."